ఉప్పు నగరాల రచయిత: అబ్దుర్రహ్మాన్ మునీఫ్

సౌదీ అరేబియా అనగానే మనకు తట్టే సంగతులు కొన్నే. ఎడారి, చమురు, మక్కా యాత్ర. ఇవిగాక గత యాభై ఏళ్ళుగా కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి అక్కడికి కూలికి వెళ్ళిన మనవాళ్ళు. మన తాతముత్తాతలు విశాఖ, శ్రీకాకుళం సీమల నుంచి ఓడలెక్కి మలయా తోటలకు వచ్చినట్టే వీరు విమానాలెక్కి చమురు దేశాలకు వెళ్ళారు. మన వలసకు మూలం ఒక చెట్టు పాలు, వారి వలసకు మూలం భూగర్భంలోని నూనె. రెండింటి వెనుకా ఒక కంపెనీ ఉన్నది, ఒక కాగితం ఉన్నది, ఇంటి దగ్గర ఎదురుచూసే ఒక తల్లి ఉన్నది.

అయితే, ఈ కంపెనీ అనేది ఒక ఊరికి మొట్టమొదట వచ్చిన రోజున ఆ ఊరి జనానికి ఏమైనది? ఎవరి భూమి పోయింది, ఎవరి పని పోయింది, ఎవరు కూలీలైనారు, ఎవరు మేస్త్రీలైనారు? ఈ ప్రశ్నలను తీసుకుని సౌదీ అరేబియా సంతతికి చెందిన ఒక రచయిత ఐదు సంపుటాల మహానవల వ్రాశారు. ఆయన పేరు అబ్దుర్రహ్మాన్ మునీఫ్. ఆయన జీవితమెట్టిది, చిన్ననాడు ఆయన మనస్సును మలచినవేవి, ఆయన వ్రాత అచ్చుకెక్కిన దారి ఏది అన్న విషయాలను మన పాఠకులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. తోటల జీవితం నుంచి వచ్చిన మనకు ఆయన కథలో నేర్చుకోవలసినది ఉన్నదని మా నమ్మకం.

అమ్మమ్మ ఒడిలో అమ్మాన్

మునీఫ్ 1933లో జోర్డాన్ ముఖ్యపట్టణమైన అమ్మాన్‌లో జన్మించారు. తండ్రి సౌదీ అరేబియా నడిబొడ్డున ఉన్న నజ్ద్ సీమకు చెందినవారు. ఆ సీమ వర్తకులు తరతరాలుగా ఒంటెల బిడారులతో ఇరాక్, సిరియా, జోర్డాన్ దేశాల మధ్య రాకపోకలు సాగించేవారు. తల్లి ఇరాక్ దేశస్థురాలు. అంటే, పుట్టుకతోనే ఆ పిల్లవాడికి మూడు దేశాల గాలి సోకింది. ఇల్లు ఒక దేశంలో, తండ్రి ఊరు మరొక దేశంలో, అమ్మమ్మ భాష ఇంకొక దేశంలో. ఇటువంటి ఇల్లు మనకు వింత కాదు. మలయాలో పుట్టి, తెలుగు మాట్లాడి, తమిళ బడిలో చదివి, బజారులో మలాయి పలికిన తరం మన ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నది.

తండ్రి మునీఫ్ చిన్నతనంలోనే కాలం చేశారు. పిల్లవాడి పెంపకంలో ఇరాకీ అమ్మమ్మది పెద్ద చేయి. ఆమె చెప్పిన కథలు, ఆమె సామెతలు, ఆమె కోపతాపాలు, ఆమెకు తన ఊరి మీద ఉన్న బెంగ, ఇవి ఆయనను జీవితమంతా విడువలేదు. అరవయ్యేళ్ళ వయస్సు దాటిన తరువాత, 1994లో, ఆయన తన బాల్యనగరాన్ని గురించి ఒక పుస్తకం ప్రకటించారు. దాని పేరుకు మన భాషలో 'ఒక నగరం జీవితకథ' అని అర్థం. అందులో 1940ల నాటి అమ్మాన్ పట్టణం ఉన్నది. ఓనమాలు నేర్పిన వీధి బడి ఉన్నది, సంతలు, వైద్యులు, మతిచలించిన మనుషులు, పిల్లల ఆటలు, చావులు, పెళ్ళిళ్ళు ఉన్నవి. వాటన్నిటి మధ్య అమ్మమ్మ ఉన్నది. తన గొప్ప గురించి ఆయన అందులో పెద్దగా చెప్పుకోలేదు. పేరుకు తగినట్టు అది నగరం కథే.

నాటి అమ్మాన్ కొండల మధ్య ఒదిగిన చిన్న పట్టణం. అక్కడ సర్కాసియన్లు, ఆర్మేనియన్లు, సిరియా వర్తకులు, నజ్ద్ నుంచి వచ్చినవారు, ఎడారి బదూలు అందరూ కలిసి ఉండేవారు. 1948లో పాలస్తీనా నుంచి ఇళ్ళు వాకిళ్ళు పోగొట్టుకున్న వేలాది కుటుంబాలు వచ్చి పడినవి. పదిహేనేళ్ళ కుర్రవాడు తన కళ్ళ ముందే ఒక పట్టణం శరణార్థుల పట్టణంగా మారడం చూశాడు. ఒక్క రోజులో ఊరు పోవడమంటే ఏమిటో ఆయన పుస్తకాలు చదివి తెలుసుకోలేదు. చుట్టుపక్కల వీధుల్లోనే చూశాడు.

ఒక్క సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. మునీఫ్ పుట్టిన 1933వ సంవత్సరంలోనే, మే 29వ తేదీన, జిద్దా నగరంలో సౌదీ ప్రభుత్వానికీ, కాలిఫోర్నియాకు చెందిన స్టాండర్డ్ ఆయిల్ కంపెనీకీ మధ్య చమురు తవ్వకాల ఒప్పందం జరిగింది. 1938 మార్చిలో దమ్మాం దగ్గర ఏడవ నంబరు బావిలో చమురు సమృద్ధిగా పడింది. 1939 మే నెలలో రాస్ తనూరా రేవు నుంచి చమురుతో మొదటి ఓడ బయలుదేరింది. ఆ కంపెనీయే 1944 నుంచి అరామ్కో అనే పేరుతో ప్రసిద్ధమైంది. పిల్లవాడు పెరిగాడు, చమురు కూడా అతనితోబాటే పెరిగింది. నలభై ఏళ్ళ తరువాత ఈ రెండు దారులూ ఒక నవలలో కలుసుకున్నవి.

చదువు, వీధి పోరాటం, పోయిన పౌరసత్వం

అమ్మాన్‌లో ఉన్నత పాఠశాల చదువు ముగించి, 1952లో మునీఫ్ న్యాయశాస్త్రం చదవడానికి బాగ్దాద్ వెళ్ళారు. అరబ్బు యువకులందరినీ రాజకీయాలు ఊపివేస్తున్న కాలమది. 1955లో బ్రిటన్‌తో చేయి కలిపి ఇరాక్ ప్రభుత్వం చేసుకున్న బాగ్దాద్ ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. వారిలో మునీఫ్ ఒకరు. ప్రభుత్వం ఆయనను దేశం నుంచి వెళ్ళగొట్టింది. చదువు కైరోలో కొనసాగింది. 1958లో యుగోస్లావియాలోని బెల్‌గ్రేడ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, చమురు ఆర్థికశాస్త్రంలో పరిశోధన చేసి, 1961లో డాక్టరేటు పట్టా పొందారు.

రాజకీయాల కారణంగానే 1963లో సౌదీ ప్రభుత్వం ఆయన పౌరసత్వాన్ని రద్దు చేసింది. అప్పటికాయన వయస్సు ముప్ఫై. అటుపైన ఇతర అరబ్బు దేశాలు ఇచ్చిన పాస్‌పోర్టులతోనే ఆయన ప్రయాణాలు సాగినవి. తన సీమను గురించి వేల పుటలు వ్రాసిన మనిషికి ఆ సీమ తనదని చూపే కాగితం లేకపోయింది.

కాగితం లేకపోవడమంటే ఏమిటో మన తోటల పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. 1957లో మలయాకు స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, నీలం కార్డు ఉన్నవాడు పౌరుడు, ఎర్ర కార్డు ఉన్నవాడు కాదు అన్న తేడా మన లైన్లలో ఒకే కప్పు కింద అన్నదమ్ములను విడదీసింది. 1969లో పౌరులు కానివారికి పని పర్మిట్లు తప్పనిసరి అయినప్పుడు, ముప్ఫై నలభై ఏళ్ళు రబ్బరు పాలు తీసిన వేలాది భారతీయ కూలీలు మూటాముల్లె కట్టుకుని ఓడలెక్కారు. వెళ్ళినవారు ఎక్కడికి వెళ్ళారు? తమ ఊరనుకున్న ఊళ్ళో వారిని గుర్తుపట్టినవారెందరు? ఇవి చరిత్ర పుస్తకాలలో ఒక్క వాక్యంతో తేలిపోయిన సంగతులు. మునీఫ్ బ్రతుకును మనం శ్రద్ధగా చదవవలసిన మొదటి కారణం ఇది.

చమురు లెక్కల గుమాస్తా నవలాకారుడైన తీరు

మునీఫ్ చదివినది సాహిత్యం కాదు, చమురు. సిరియాలో చమురు సంస్థలో ఉద్యోగం చేశారు. బారెల్ ధర ఎలా నిర్ణయమౌతుంది, కంపెనీ వాటా ఎంత, దేశం వాటా ఎంత, జాతీయం చేస్తే లాభమేమి, నష్టమేమి, ఇటువంటి లెక్కలే ఆయన రోజువారీ పని. చమురు జాతీయీకరణను గురించి ఆయన ఒక గ్రంథం కూడా వ్రాశారు. 1973లో బేరూత్ వెళ్ళి పత్రికారంగంలో పనిచేశారు. 1975 నుంచి 1981 దాకా బాగ్దాద్‌లో 'చమురు, అభివృద్ధి' అనే అర్థం వచ్చే పేరు గల మాసపత్రికకు సంపాదకులుగా ఉన్నారు.

మరి ఈ లెక్కల మనిషి నవలలోకి ఎందుకు వచ్చినట్టు? ఆయన జీవితక్రమం చూస్తే జవాబు దానంతట అదే తెలుస్తుంది. యౌవనమంతా రాజకీయ పార్టీలో గడిపారు. 1960లలో పార్టీకి దూరమైనారు. 1967 యుద్ధంలో అరబ్బు దేశాల ఓటమి ఆ తరం నమ్మకాలను కూల్చివేసింది. పార్టీ ఉపన్యాసాలలో గాని, ఆర్థిక నివేదికలలో గాని ఇమడని సత్యం ఒకటి మిగిలిపోయింది. చమురు ఎన్ని బారెళ్ళు తీశారో నివేదిక చెబుతుంది. ఆ బావి పడ్డ చోట అంతకుముందు ఎవరు నీళ్ళు తోడుకున్నారో చెప్పదు. ఆ రెండవ సంగతి చెప్పడానికి నవల కావలసివచ్చింది.

మొదటి నవల 1973లో వెలువడింది. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు. దాని పేరు 'చెట్లు, మర్జూక్ హత్య'. రైలుబండిలో కలిసిన ఇద్దరు ప్రయాణికుల సంభాషణగా కథ నడుస్తుంది. ఒకడు ఉద్యోగం పోగొట్టుకున్న చదువరి, మరొకడు తన చెట్లు పోగొట్టుకున్న పల్లెటూరివాడు. లాభం కోసం పత్తి వేయాలని చెట్లన్నీ నరికివేసిన ఊరి గోడు అందులో ఉన్నది. మునీఫ్ మొదటి నవలలోనే చెట్టు కూలిందంటే మనిషి కూలినట్టే అన్న భావం కనబడుతుంది. తరువాతి మహానవలకు ఇదే విత్తనం.

అదే 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఎగుమతిపై ఆంక్షలు పెట్టాయి. కొద్ది నెలలలోనే బారెల్ ధర నాలుగింతలైంది. గల్ఫ్ దేశాలలో రోడ్లు, రేవులు, భవనాలు లేచినవి. వాటిని కట్టడానికి కూలీలు కావలసివచ్చారు. తెలుగు పల్లెల నుంచి గల్ఫ్ వలస పెద్దయెత్తున సాగింది ఆ తరువాతనే.

1975లో 'మధ్యధరాకు తూర్పున' అన్న నవల వచ్చింది. అది రాజకీయ ఖైదీల చిత్రహింసల కథ. ఏ దేశమో ఆయన పేరు పెట్టలేదు. దానితో ప్రతి అరబ్బు దేశపు పాఠకుడూ అది తన దేశమే అనుకున్నాడు. 1977లో 'ముగింపులు' వెలువడింది. ఎడారి అంచున కరువుపాలైన ఒక పల్లె, అందులో అస్సాఫ్ అనే వేటగాడు. పట్నం నుంచి వచ్చిన అతిథులను వేటకు తీసుకువెళ్ళి ఇసుక తుపానులో చిక్కుకుని అతడు చనిపోతాడు. శవాన్ని ఇంట్లో ఉంచుకుని ఊరివారు రాత్రంతా జాగారం చేస్తూ ఒకరి తరువాత ఒకరు కథలు చెప్పుకుంటారు. ఎక్కువగా జంతువుల కథలు. నవల సగంలో ఆగి కథల మూటగా మారిపోతుంది. ఇది ఏ పడమటి నవలల నుంచో తెచ్చుకున్న పద్ధతి కాదు. అమ్మమ్మ దగ్గర కథలు విన్న చెవి ఇది. లైన్లలో చావు జరిగినప్పుడు తెల్లవార్లూ కూర్చుని పోయినవారి సంగతులు చెప్పుకునే అలవాటు మనకూ ఉండేది కదా! అటువంటి రాత్రిని ఆయన నవలకు పునాది చేసుకున్నారు.

బాగ్దాద్‌లో ఆయనకు జబ్రా ఇబ్రహీం జబ్రా అనే పాలస్తీనా రచయితతో గాఢమైన స్నేహం కుదిరింది. ఆయన కూడా ఇల్లు పోగొట్టుకున్నవాడే. ఇద్దరూ కలిసి ఒకే నవల వ్రాసి 1982లో ప్రచురించారు. 'పటాలు లేని లోకం' అని దాని పేరు. దేశం లేని ఇద్దరు వ్రాసిన పుస్తకానికి అంతకన్నా తగిన పేరు దొరకదు.

ఉప్పు నగరాలు

1981లో మునీఫ్ ఉద్యోగం వదలి ఫ్రాన్స్ చేరుకున్నారు. అక్కడ పూర్తికాలం రచనకు కూర్చున్నారు. నలభై ఎనిమిదేళ్ళ వయస్సులో జీతం వదులుకుని, పరాయి దేశంలో, తన సీమను గురించి వ్రాయడం మొదలుపెట్టారు. ఆ ఫలితమే 'ఉప్పు నగరాలు'. మొదటి సంపుటం 1984లో, రెండవది 1985లో, చివరి మూడు సంపుటాలు 1989లో బేరూత్ నుంచి వెలువడినవి. లెబనాన్‌లో అంతర్యుద్ధం రగులుతున్న కాలమది. అయినా అరబ్బు లోకంలో సాహసించి పుస్తకం వేసే ప్రచురణకర్తలు ఆ నగరంలోనే ఉన్నారు.

మొదటి సంపుటం కథ స్థూలంగా ఇది. ఎడారి మధ్య ఊటలతో, ఖర్జూర చెట్లతో ఉన్న ఒక లోయ. పేరు వాదీ అల్ ఉయూన్, అంటే ఊటల లోయ. అక్కడికి ఒకనాడు ముగ్గురు అమెరికన్లు వస్తారు. నీళ్ళ కోసం వచ్చామంటారు. అరబ్బీ మాట్లాడతారు, ప్రశ్నలు అడుగుతారు, వ్రాసుకుంటారు. ఊళ్ళో ముతేబ్ అల్ హథాల్ అనే పెద్దమనిషి ఒక్కడే ఇందులో కీడు ఉన్నదని పసిగడతాడు. పెద్ద యంత్రాలు వచ్చి చెట్లను కూలదోసిన రోజున అతడు ఒంటె ఎక్కి ఎడారిలోకి వెళ్ళిపోతాడు. మళ్ళీ కనబడడు. కాని ఆపద వచ్చినప్పుడల్లా అతడు కనిపించాడని జనం చెప్పుకుంటారు.

తరువాత కథ సముద్రతీరంలోని హర్రాన్ అనే ఊరికి మారుతుంది. చేపలు పట్టుకునే ఆ చిన్న ఊరు చమురు రేవు అవుతుంది. త్వరలోనే అది రెండు హర్రాన్‌లుగా చీలుతుంది. ఒకటి అమెరికన్ల హర్రాన్. అక్కడ చల్లని గదులు, ఈతకొలనులు, చుట్టూ కంచె. రెండవది అరబ్బుల హర్రాన్. అక్కడ కూలీల కొట్టాలు, ఎండ, దుమ్ము. కూలీలను తెచ్చిన మేస్త్రీ వారి ఒంటెలను ముందుగానే అమ్మిస్తాడు. ఒంటె ఉన్నవాడు ఎప్పుడైనా వెళ్ళిపోగలడు, ఒంటె లేనివాడు కూలీగా నిలబడిపోతాడు. మన తోటల కంగాణి అడ్వాన్సు ఇచ్చి మనిషిని కట్టివేసిన ఉపాయమూ, ఇదీ ఒకటే.

చివరికి ఇరవై ముగ్గురు కూలీలను కంపెనీ తొలగిస్తుంది. ఊరివారికి ఉచితంగా మందులిచ్చే ముఫద్ది అనే నాటువైద్యుడు హత్యకు గురవుతాడు. కూలీలు సమ్మెకు లేస్తారు. ఈ సమ్మె ఊరికే కల్పించినది కాదు. 1953 అక్టోబరులో అరామ్కోలో నిజంగానే మహాసమ్మె జరిగింది. సుమారు 13,000 మంది కార్మికులు పనికి వెళ్ళలేదు. జీతం ఒక్కటే వారి గోడు కాదు. దహ్రాన్‌లో అమెరికన్లకు ఒక శిబిరం, అరబ్బులకు ఒక శిబిరం, భారతీయులు, పాకిస్తానీలు, ఇటాలియన్ల వంటివారికి నడిమి శిబిరం అని మనుషులను వేరుచేసిన తీరు వారిని మండించింది. 1956లో మళ్ళీ సమ్మె జరిగినప్పుడు సౌదీ రాజు సమ్మెలనే నిషేధించారు.

ఇక్కడ మన చరిత్ర ఒకటి చెప్పుకోవాలి. 1941లో సెలంగోర్‌లోని క్లాంగ్ ప్రాంతంలో తోటల భారతీయ కూలీలు సమ్మె చేశారు. వారి కోరికలలో ఒకటి, దొర ఎదురైతే సైకిలు దిగి నడవాలన్న నియమం పోవాలన్నది. ఇంకొకటి పిల్లలకు చదువు. నాయకుణ్ణి పట్టి దేశం నుంచి పంపివేశారు, సైన్యాన్ని దింపారు, కాల్పులలో కూలీలు చనిపోయారు. సైకిలు దిగనన్న ఆ మనిషి ఎవరు? అతడి పేరేమిటి, ఇంటికి వెళ్ళి భార్యతో ఏమన్నాడు? హర్రాన్ కూలీలకు మునీఫ్ ఉన్నారు. క్లాంగ్ కూలీలకు తెలుగులో అటువంటివాడు ఇంకా రావలసి ఉన్నది.

'ఉప్పు నగరాలు' అన్న పేరుకు మునీఫ్ స్వయంగా ఇచ్చిన వివరణ ఇది. నేలలో వేళ్ళు లేకుండా, చమురు డబ్బుతో ఉన్నపళంగా లేచిన నగరాలు నిలవవు, నీళ్ళు తాకగానే ఉప్పులా కరిగిపోతాయి. ఈ మాటలో శాపమేమీ లేదు. ఆర్థికశాస్త్రం చదివినవాడి హెచ్చరిక ఉన్నది. చమురు తీరిపోయే వస్తువు. తీరిపోయిన తరువాత మనుషులకు మిగిలేది ఏమిటన్నదే ఆయన ప్రశ్న. రబ్బరు ధర పడిపోయి, తోటలు ముక్కలై అమ్ముడుపోయి, పామాయిల్ తోటలుగానో, ఇళ్ళ స్థలాలుగానో మారినప్పుడు లైన్లు ఖాళీ చేసి పట్నం అంచున గుడిసెలు వేసుకున్న కుటుంబాలకు ఈ ప్రశ్న పుస్తకంలోది కాదు.

నిషేధం, అనువాదం, విమర్శ

నవలలో దేశం పేరు లేదు, రాజు పేరు లేదు. అయినా చదివినవారికి ఏ దేశమో తెలియకపోలేదు. సౌదీ అరేబియాలో దానిని నిషేధించారు. నిషిద్ధమైన పుస్తకాలకు పట్టే గతే దీనికీ పట్టింది. రహస్యంగా చేతులు మారి చదువరులకు చేరింది. 1987లో పీటర్ థెరూ చేసిన ఇంగ్లీషు అనువాదం వెలువడింది. ఆ తరువాత రెండవ, మూడవ సంపుటాలను కూడా ఆయనే 1991లోనూ, 1993లోనూ ఇంగ్లీషులోకి తెచ్చారు.

అమెరికాలో ప్రఖ్యాత నవలాకారుడు జాన్ అప్‌డైక్ 1988లో దీనిని సమీక్షిస్తూ, ఇది తమకు తెలిసిన నవలలా లేదన్నారు. కథానాయకుడంటూ ఒకడు లేకపోవడం, ఒక మనిషి లోపలి మథనానికి బదులు ఊరంతా మాట్లాడటం ఆయనకు కొరతగా తోచినవి. మాకు మాత్రం అదే ఆ పుస్తకానికి బలమనిపిస్తుంది. కంపెనీ ఒక మనిషి మీదకు రాలేదు, ఒక ఊరి మీదకు వచ్చింది. కాబట్టి కథకు నాయకుడు ఊరే కావాలి. పురాణ కాలక్షేపం విన్నవారికి, బుర్రకథ చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.

మన దేశపు రచయిత అమితావ్ ఘోష్ 1992లో ఒక వ్యాసం వ్రాస్తూ ఇంకొక సంగతి లేవదీశారు. ఒకప్పటి సుగంధద్రవ్యాల వ్యాపారం ఎంతో సాహిత్యానికి కారణమైంది గాని, ఇంత పెద్ద చమురు వ్యాపారం నుంచి చెప్పుకోదగిన సాహిత్యం ఎందుకు పుట్టలేదని ఆయన ప్రశ్న. ఆయన చూపిన కారణాలలో ఒకటి భాష. చమురు సీమ అనేక భాషలవారు కలగలిసిన చోటు. నవలేమో ఒకే భాష మాట్లాడే సమాజంలో పెరిగిన ప్రక్రియ. ఈ మాట మన తోటలకు కూడా వర్తిస్తుంది. తెలుగు, తమిళం, మలయాళం, మలాయి, చీనా మాటలు ఒకే హాజరు పిలుపులో వినబడిన చోటును ఏ భాషలో వ్రాయాలి?

మునీఫ్ ఈ చిక్కును తన పద్ధతిలో ఎదుర్కొన్నారు. కథనం గ్రాంథిక సంప్రదాయపు అరబ్బీలో నడిపి, సంభాషణలలో ఎడారి జనం పలుకుబడిని ఉంచారు. దానివల్ల ఇతర అరబ్బు దేశాల పాఠకులకు కొన్ని మాటలు కష్టమైనా ఆయన వెనుకాడలేదు. మన పిల్లలు 'ఇది మంచి తెలుగు కాదేమో' అని సిగ్గుపడి తాతలనాటి తోట మాటలు విడిచిపెడుతున్నారు. శ్రీకాకుళపు యాసలో తమిళ, మలాయి మాటలు కలిసిన ఆ పలుకులో ఒక శతాబ్దపు చరిత్ర నిలిచి ఉన్నది. దానిని శుద్ధి చేస్తే పోయేది మురికి కాదు, జ్ఞాపకం.

చివరి సంవత్సరాలు

1986లో మునీఫ్ దమాస్కస్ వచ్చి స్థిరపడ్డారు. 1989లో అరబ్బు ఎమిరేట్లకు చెందిన సుల్తాన్ అల్ ఉవైస్ పురస్కారం, 1998లో కైరోలో నవలా పురస్కారం ఆయనకు లభించినవి. 1999లో పంతొమ్మిదవ శతాబ్దపు ఇరాక్‌ను గురించి మూడు సంపుటాల నవల ప్రకటించారు. అమ్మమ్మ దేశానికి ఆయన తీర్చుకున్న ఋణమది అనుకోవచ్చు. 2004 జనవరి 24న దమాస్కస్‌లోనే కన్నుమూశారు. 1963లో పోయిన సౌదీ పౌరసత్వం లేకుండానే ఆయన జీవితం ముగిసింది. అయినా ఈనాడు సౌదీ నవలను గురించి మాట్లాడేవారెవరూ ఆయన పేరు తలవకుండా ముందుకు సాగలేరు.

మనం గ్రహించవలసినది

మునీఫ్ జీవితం నుంచి వ్రాయగోరే మన యువతీయువకులు మూడు సంగతులు గ్రహించాలని మా మనవి.

మొదటిది, ఆలస్యం తప్పు కాదు. ఆయన మొదటి నవల నలభయ్యో ఏట వచ్చింది, ముఖ్యమైన నవల యాభై దాటాక వచ్చింది. ఆ మధ్యకాలం వృథా పోలేదు. చమురు లెక్కలు తెలిసినవాడు కాబట్టే కంపెనీ పని తీరును అంత నిశ్చయంగా వ్రాయగలిగారు. తోటలో గుమాస్తాగా, యూనియన్ కార్యదర్శిగా, పంతులుగా పనిచేసిన మనవాళ్ళకు తెలిసిన సంగతులు ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకవు.

రెండవది, కాగితం పోతే దేశం పోవచ్చును గాని కథ పోదు. దానిని ఎవరూ రద్దు చేయలేరు. అయితే చెప్పేవాడు ఉంటేనే అది నిలుస్తుంది. మలేసియాలోనే కె. ఎస్. మణియం తోటల పరిసరాలలో పెరిగిన ఒక కుర్రవాడి కథను 1981లో ఇంగ్లీషు నవలగా తెచ్చారు. మనం చూడవలసిన దారి అక్కడ కూడా ఉన్నది.

మూడవది, అన్నిటికన్నా అవసరమైనది. మునీఫ్ పుస్తకాలకు మూలం పెద్దవారి మాటలు వినడం. ఆయనకు ఒక అమ్మమ్మ ఉన్నది. మనకూ ఉన్నారు, కాని ఎంతకాలమో కాదు. లైన్లలో పుట్టి, తెల్లవారకముందే రబ్బరు కత్తి పట్టి, 1969 పర్మిట్ల రోజులు కళ్ళారా చూసిన తరం ఒక్కొక్కరుగా వెళ్ళిపోతున్నది. ఒకరు పోయినప్పుడల్లా ఒక తోట పేరు, ఒక ఓడ సంగతి, ఒక జోలపాట, ఒక దొర దౌర్జన్యం, ఒక పొరుగువాడి మంచితనం వారితోనే మట్టిలో కలుస్తున్నవి. ఊటల లోయలో చెట్లు కూలినప్పుడు ముతేబ్ ఒంటరిగా వెళ్ళిపోయాడు. అతణ్ణి చూశామని చెప్పేవారు మిగిలారు కాబట్టి అతడు మిగిలాడు.

కనుక పాఠకులు ఈ పత్రిక మూసిన తరువాత ఒక నోటుపుస్తకం తీసుకుని ఇంట్లో పెద్దవారి దగ్గర కూర్చోవలసిందిగా కోరుతున్నాము. ఏ తోట, ఏ సంవత్సరం, రోజు కూలి ఎంత, లైనులో పక్క ఇల్లు ఎవరిది, ఏ పాట పాడేవారు, ఎప్పుడు భయపడ్డారు అని అడగండి. వారు ఏ మాటతో చెబితే ఆ మాటతోనే వ్రాయండి. దిద్దవద్దు. అందులో నుంచి నవల వస్తుందో, రాదో కాలం చెబుతుంది. వ్రాసి ఉంచకపోతే మాత్రం ఏదీ రాదు.